లండనులో వినబడిన బొబ్బిలి మాట

2025 మే నెలలో దేవుని కృపను బట్టి మాకు పదకొండు రోజులు లండను నగరములో ఉండే అవకాశము కలిగింది. దక్షిణ లండనులోని ఒక చిన్న సంఘము వారు మమ్మును, పాలకొండ వైపు సేవ చేస్తున్న మరొక కాపరిని పిలిచి, టిక్కెట్లు కూడ వారే పంపారు. రాజుగారి మేడను గూర్చి, పెద్ద గడియారమును గూర్చి వ్రాసినవారు చాలామంది ఉన్నారు గనుక వాటి జోలికి మేము పోము. బొబ్బిలిలో బయలుదేరిన నాడే ఒక తండ్రి మాకు ఒక పని అప్పగించాడు. ఆ పనిని గూర్చియే ఈ వ్రాత.

బొబ్బిలి అనగానే చదువరులకు 1757 జనవరి 24 నాటి యుద్ధము, తాండ్ర పాపారాయుడు, గొల్లపల్లి వీణలు గుర్తుకు వస్తాయి. మా సంఘములో ఎక్కువ కుటుంబముల వారికి ఆ కోటతోను ఆ వీణతోను పెద్దగా పొత్తు లేదు. వారి తాతలు బుగతల ఇండ్లలో కంబారులుగా ఉన్నవారు. ఇతర జిల్లాల చదువరుల కొరకు చెప్తున్నాము: బుగత అంటే మా వైపు పొలము గల యజమాని. కంబారి అంటే ఏడాది జీతానికి ఆ ఇంట కుదిరిన పాలేరు. పేరుకే ఏడాది, చేసిన అప్పు తీరక పదేండ్లు, పదిహేనేండ్లు అదే ఇంట పశువుల కొట్టము ప్రక్కన పడుకొన్నవారు ఉన్నారు.

అటువంటి ఒక కంబారి మనుమరాలు ఈ అమ్మాయి. వారి పల్లె బొబ్బిలికి సాలూరు వైపున ఉన్నది. బొబ్బిలి నుండి సాలూరుకు రైలు బస్సు తిరిగిన రోజుల్లో, ఆ బస్సు కూత విని మా ఆదివారపు కూడికకు వేళ చూచుకొనేవారు. తండ్రి గ్రోత్ సెంటరులో ఒక కర్మాగారములో షిఫ్టు పని చేస్తాడు. తల్లి అంగన్‌వాడీ ఆయా. అమ్మాయి విశాఖపట్నములో ఐదేండ్ల న్యాయశాస్త్రము ముగించి, 2024 సెప్టెంబరులో మానవ హక్కుల చదువు కొరకు లండను వెళ్లింది. ఆ అమ్మాయి పేరు, పల్లె పేరు ఇక్కడ వ్రాయము. ఎందుకు వ్రాయమో ముందుకు చదివితే తెలుస్తుంది.

పిల్లలను పంపదలచిన తల్లిదండ్రులు ఉంటారు గనుక లెక్క కొంచెము చెప్పాలి. ఫీజు ఒక ఎత్తు. అది కాక లండనులో బ్రతుకుటకు డబ్బు ఉన్నదని వీసాకు ముందే చూపించాలి. ఆ ఏడాది లెక్క ప్రకారము నెలకు 1,334 పౌండ్లు, తొమ్మిది నెలలకు 12,006 పౌండ్లు, అంటే అప్పట్లో సుమారు 12 లక్షల 80 వేల రూపాయలు. ఆ సొమ్ము వరుసగా 28 రోజులు బ్యాంకులో కదలకుండా ఉండాలి. ఆ 28 రోజుల కొరకే డబ్బు సర్ది వేరే వడ్డీ గుంజేవారు మన ప్రాంతములో తయారయ్యారు. వైద్యపు రుసుము ఏడాదికి 776 పౌండ్లు వేరుగా కట్టాలి. ఈ కుటుంబము సర్టిఫికెట్టులో బి.సి.-సి. గనుక, షెడ్యూల్డు కులముల వారికి కేంద్ర ప్రభుత్వమిచ్చే విదేశీ విద్యా వేతనానికి దరఖాస్తు పెట్టే వీలు లేకపోయింది. బ్యాంకు అప్పు చాలక ఎకరంన్నర పల్లపు పొలము తనఖా పెట్టి, నూటికి రెండు రూపాయల వడ్డీకి ఆరు లక్షలు తెచ్చారు. నెలకు 12 వేలు వడ్డీయే. విశాఖపట్నములో ఒక ఏజెంటు, వారానికి ఇరవై గంటలు పని చేసుకోవచ్చు, ఖర్చులన్నీ అందులోనే వచ్చేస్తాయి అని తండ్రికి నచ్చజెప్పాడు.

ఇరవై గంటల మాట నిజమే. చదువు నడిచే రోజుల్లో డిగ్రీ విద్యార్థి వారానికి ఇరవై గంటలకు మించి పని చేయరాదని అక్కడి చట్టము. అయితే జీతము లేని పని కూడ ఆ ఇరవైలోనే లెక్కకు వస్తుందని ఆ ఏజెంటు చెప్పలేదు. 2025 జనవరిలో ఈ అమ్మాయి, బానిసత్వములో చిక్కిన పనివారికి సాయము చేసే ఒక ధర్మసంస్థలో ఇంటర్నుగా చేరింది. వారానికి రెండు దినములు, దినానికి ఏడు గంటలు. బస్సు చార్జీ, మధ్యాహ్న భోజనపు ఖర్చు మాత్రమే ఇస్తారు. పద్నాలుగు గంటలు అక్కడే పోగా ఒక దుకాణములో జీతానికి చేసుకొనుటకు ఆరు గంటలే మిగిలాయి. 2025 ఏప్రిల్‌లో అక్కడ గంటకు కనీస వేతనము 12 పౌండ్ల 21 పెన్నీలుగా ఉండేది. పద్నాలుగు గంటలు వదులుకొంటే వారానికి 171 పౌండ్లు, మన డబ్బులో 19 వేల రూపాయలకు పైగా వదులుకొన్నట్టే. ధర్మసంస్థలలో స్వచ్ఛందముగా చేసేవారికి కనీస వేతనము ఇవ్వనక్కరలేదని వారి 1998 చట్టములోనే ఉన్నదట. ఇది ఒక్క లండను సంగతే కాదు. 2015 ఆగస్టులో జెనీవాలో ఐక్యరాజ్య సమితి కార్యాలయములో జీతము లేని ఇంటర్నుగా చేరిన డేవిడ్ హైడ్ అనే న్యూజిలాండు యువకుడు, అద్దె కట్టలేక గుడారములో పడుకొన్న సంగతి ప్రపంచ పత్రికలన్నిటిలో వచ్చింది. లోకములోని పేదవారి హక్కుల కొరకు పని నేర్చుకొనుటకు కూడ చేతిలో పైకము ఉన్నవారి పిల్లలే రావలసి వస్తుంటే, ఆ పని ఎవరి చేతిలో ఉంటుందో చదువరులే ఆలోచించాలి.

తండ్రి స్టేషనుకు వచ్చి మా సంచి పట్టుకొని అన్న మాట ఇది: “అయ్యగారూ, మీ మాటయితే ఇంటాది. ఆ ఊరకే సేసే పని మానెయ్యమని సెప్పండి. మానితే నెలకి డెబ్బై ఎనబై వేలు ఒస్తాయంట. నాను వడ్డీ కట్టలేకపోతన్నాను.” తప్పక చెప్తామని మాట ఇచ్చాము. నిజము చెప్పాలంటే మాకును అదే సబబుగా తోచింది. తల్లి మూట కట్టి ఇచ్చిన చోడిపిండి, ఆవకాయ మా పెట్టెలో పెట్టుకొని విశాఖపట్నము వెళ్లి, అక్కడ నుండి ఢిల్లీ మీదుగా విమానములో బయలుదేరాము.

శనివారము ఉదయము క్లాపం కామన్ అనే భూగర్భ స్టేషనులో కలుసుకొందామని అమ్మాయి చెప్పింది. ఆ స్టేషనులో దిగినవారు మరచిపోలేరు. నడుమ మన ఇంటి అరుగు అంత వెడల్పున ఒక తిన్నె, అటు ఒక రైలు, ఇటు ఒక రైలు. మా తోటి కాపరిగారు ఆవకాయ సీసాను రెండు చేతులతో రొమ్మున హత్తుకొని, ఇది అయ్యేవరకు మాతో మాట్లాడవద్దు అన్నారు. మెట్లపైన అమ్మాయి నిలబడి, “వందనాలు అయ్యగారూ” అన్నప్పుడు ఆయన ముఖానికి రంగు వచ్చింది. పిల్ల చిక్కిపోయింది. గొంతు మాత్రము మారలేదు.

స్టేషను బయట పెద్ద పచ్చిక మైదానము, దాని అంచున చెట్ల నడుమ హోలీ ట్రినిటీ అనే పాత దేవాలయము. 1776లో కట్టినది. గోడమీద ఒక ఫలకమున్నది. నల్లవారి బానిస వ్యాపారమును ఆపుటకు పోరాడి, ఈ ఆలయములో ఆరాధించిన వారి పేర్లు అందులో చెక్కారు. విలియం విల్బర్‌ఫోర్సు పేరు మాకు తెలుసు. దైవశాస్త్ర డిప్లొమా చదువుకొన్నప్పుడు పరీక్షలో వ్రాసినదే. టోపీ తీసి చదువుతుండగా జాన్ షోర్ అనే పేరు దగ్గర ఆగిపోయాము. ఈయన 1793 నుండి 1798 వరకు మన దేశానికి గవర్నరు జనరల్. పేష్కషు బాకీ పడ్డాడని విజయనగరము రాజు చిన్న విజయరామరాజు మీదికి కుంపిణీ సైన్యము వెళ్లి, పద్మనాభములో ఆయనను చంపినది 1794 జూలై 10న, ఈయన ఏలుబడిలోనే. పద్మనాభము మా బొబ్బిలికి ఎంత దూరము గనుక. దూరదేశపు ఆలయపు గోడమీద, బానిసల విడుదల కొరకు ప్రార్థించిన మనుష్యుల వరుసలో ఆ పేరు చూచి ఏమి అనుకోవాలో మాకు తెలియలేదు. చెడ్డవాడు అనుటకు లేదు, మంచివాడు అని ఊరకుండుటకును లేదు.

అమ్మాయి అన్నది: “ఇంకోటి ఉంది అయ్యగారూ. 1833లో చట్టం తెచ్చి బానిసలను విడిపించారు కదా, అందులో కుంపిణీ ఏలుతున్న మన దేశాన్ని మినహాయించారు. మన దగ్గరకు ఆ చట్టం వేరుగా 1843లో వచ్చింది. విడిపించినందుకు రెండు కోట్ల పౌండ్లు ఇచ్చారు, బానిసలకు కాదు, యజమానులకు.” విడుదలైన వారి స్థానములో చెరకు తోటలలో పని చేయుటకు ఒప్పంద కూలీలను మన దేశము నుండియే ఓడలలో తీసికొనిపోయారు. 1834 నుండి మారిషసుకు వెళ్లిన వారిలో మన కోస్తా తెలుగువారు చాలామంది ఉన్నారు. కోరంగి రేవు పేరును బట్టి అక్కడ వారికి కోరంగీలని పేరు పడింది. లండనులో 1839లో పుట్టిన బానిసత్వ వ్యతిరేక సంఘము పేరు మారినా ఈనాటికీ పని చేస్తున్నది. ఇదంతా మాకు పరీక్షలో రాలేదు.

మైదానములో బల్లమీద కూర్చొని చోడిపిండి మూట ఆమె చేతిలో పెట్టి, మా పని మొదలుపెట్టాము. తండ్రి చెప్పిన మాట చెప్పాము. కీర్తిగల పనులు అప్పు తీరిన తరువాత చేసుకోవచ్చు తల్లీ అన్నాము. అమ్మాయి తల వంచుకొని విన్నది. విని, “అయ్యగారూ, నేనక్కడ ఏం పని చేస్తానో ముందు చెప్పనివ్వండి” అన్నది.

పని చూడబోతే చిన్నదే. కాగితములు యంత్రములో పెట్టి తీయుట, ఫోన్లు వ్రాసిపెట్టుట, ఇంటిపనికి వచ్చి చిక్కుకొన్న స్త్రీలు చెప్పిన మాటలను తేదీల వరుసలో పేర్చుట. వారిలో అనేకులు గల్ఫు దేశములలో ధనవంతుల ఇండ్లలో పని చేస్తూ, వేసవిలో యజమానులతో లండనుకు వచ్చినవారు. అటువంటివారికి ఆరు నెలల వీసా మాత్రమే ఇస్తారు. 2012లో ఆ వీసాను యజమానికే కట్టివేశారు, ఇల్లు మారితే వీసా పోయేది. 2016 నుండి యజమానిని మార్చుకోవచ్చును గాని ఆ ఆరు నెలల లోపలనే. పాసుపోర్టు యజమాని బీరువాలో ఉంటే, మూడు నెలలు మాత్రమే మిగిలిన పనిమనిషిని ఎవరు పెట్టుకొంటారు? తప్పించుకొని వచ్చినవారు 2015 నాటి ఆధునిక బానిసత్వ చట్టము క్రింద తమ సంగతి ప్రభుత్వము వారి ఎదుట చెప్పుకోవాలి. అక్కడ వారికి వేరే ఆస్తి ఏమీ లేదు. చెప్పిన మాటే ఆస్తి.

అందుచేత ఆ సంస్థలో ఒక కట్టడి ఉన్నది. చెప్పినదానికి ఒక మాట కలుపరాదు, ఒక మాట తీయరాదు. ఏడ్చింది అని వ్రాయవచ్చు, ఎందుకు ఏడ్చిందో మనము ఊహించి వ్రాయరాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూచారు అని మెల్లగా అడగాలి, ఒక్క సారే అన్నీ అడగరాదు. వ్రాసినది మళ్ళీ చదివి వినిపించాలి. ఇది ఎవరికి చూపవచ్చునో ఆమెనే అడగాలి. నేడు సరే అన్న మనిషి రేపు వద్దు అంటే తీసివేయాలి. పేరు ఎక్కడా బయట పెట్టరాదు. మేము గురువారము ఆ కార్యాలయము చూచుటకు వెళ్తే ముందుగది దాటనీయలేదు. సేవకులమని చెప్పినా అంతే. మా తోటి కాపరిగారికి కొంచెము కోపము వచ్చింది. మాకు రాలేదు, అప్పటికి సంగతి తెలిసిపోయింది గనుక.

ఆ సంగతి ఇది. మార్చి నెలలో ఒక స్త్రీ చెప్పిన వాఙ్మూలము ఇంగ్లీషులో వ్రాసి ఉన్నది. ఆమె ఎవరో, ఏ ఊరో, ఏ దేశము మీదుగా వచ్చిందో అమ్మాయి మాకు చెప్పలేదు, అడిగినా చెప్పలేదు. ఒక్క మాట మాత్రము, పైవారి అనుమతి అడిగి, మాకు చెప్పింది. దుబాసి ఫోనులో తెలుగు విని ఇంగ్లీషు చేశాడు. ఆయన హైదరాబాదు వాడు. వాఙ్మూలములో ‘బుగత’ అనే మాట పదకొండు సార్లు వచ్చింది. బుగత కేకలేసినాడు, బుగత అన్నం పెట్టనివ్వనేదు, బుగత తలుపు తాళం వేసినాడు. దుబాసికి తెలియక అది ఒక మనిషి పేరనుకొన్నాడు. కార్యాలయము వారు ఆ ఇంటిలో యజమాని కాక బుగత అనే మూడవ మనిషి ఒకడు ఉన్నాడనుకొని, రెండు వారములు వాని కొరకు ప్రశ్నలు తయారు చేసుకొన్నారు. ఆ స్త్రీకి ఆ ప్రశ్నలు అర్థము కాక తడబడితే, మాట మార్చుతున్నదని అనుమానపడేవరకు వచ్చింది. తేదీల వరుస పేర్చుమని ఆ కాగితములు మా అమ్మాయి చేతికి వచ్చినప్పుడు సంగతి తేలింది. లండను అంతటిలో ఎంతమంది తెలుగువారు ఉన్నా, ఆ గదిలో ఆ మాట తెలిసినది ఒక కంబారి మనుమరాలికే.

యజమాని అని మార్చివేస్తే చాలును కదా అన్నాము. అమ్మాయి చాలదు అన్నది. “యజమాని అంటే జీతమిచ్చేవాడు అయ్యగారూ. మానేస్తే వేరే చోట చేరొచ్చు. బుగత అంటే అది కాదు కదా. ఆవిడ ఆ మాట ఎందుకు వాడిందో వాళ్లకి తెలియాలి.” అయినను తానే అర్థము వ్రాసి పెట్టుట కట్టడికి విరోధము. అందుచేత ఆ మాటకు ఊరిలో అర్థమేమిటో తెలిసినవారిని అడిగి ఒక పేజీ వ్రాయుమని పైఅధికారిణి చెప్పింది. ఆ స్త్రీని కూడ మళ్ళీ అడిగారు, వేరొక దుబాసితో. అమ్మాయి మాత్రము పల్లెకు ఫోను చేసి తాతను అడిగింది. తాతా, కంబారికి బుగత అంటే ఏమిటి? తాత గంటసేపు మాట్లాడాడట. పుట్టిన తరువాత అంతసేపు ఆయన మాట్లాడగా ఎన్నడూ వినలేదని చెప్పింది.

చెప్పి, కొంచెము ఆగి, చోడిపిండి మూట ముడి విప్పుతూ, “అయ్యగారూ, మీరు మా తాత సాక్ష్యము చెప్పారు, గుర్తుందా?” అని అడిగింది.

మాకు గుర్తున్నది. 2011లో మేము బొబ్బిలి ప్రాంతమునకు క్రొత్తగా వచ్చినప్పుడు ఒక పెద్ద కూడికలో ఆమె తాతను ముందుకు పిలిచి నిలబెట్టి, ఆయన కథ మేమే చెప్పాము. ఆయన తండ్రి సారాయికి అప్పు చేసి కొడుకును కంబారికి పెట్టాడని, పద్నాలుగేండ్లు వెట్టి చేశాడని, ప్రార్థన చేయగా బుగత మనస్సు కరిగి అప్పు కాగితము చింపివేశాడని చెప్పాము. ఫోటో తీసి, పేరుతో కూడ, విదేశములో మాకు సాయము చేసే స్నేహితులకు పంపిన నివేదికలో అచ్చు వేశాము. ఆ నివేదిక చూచి కొందరు కానుకలు పంపారు. ఆ కథ మాకు చెప్పినది ఆయన కాదు. మాకంటె ముందు ఉన్నవారి నోట విన్నదానికి మేము కొంత చేర్చాము. సారాయి మాట మేము చేర్చినదే. వినేవారికి తాకుతుందని చేర్చాము. ఆయన చేతులు కట్టుకొని నిలబడి ఏమీ అనలేదు. ఏమీ అనలేదు గనుక ఒప్పుకొన్నట్టే అనుకొన్నాము. అమ్మాయికి అప్పుడు తొమ్మిదేండ్లు, ముందు వరుసలో కూర్చున్నది.

“మా ముత్తాత తాగేవాడు కాదంట అయ్యగారూ” అన్నది. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ తరువాత మా నోటికి పని మానివేయమని చెప్పే మాట రాలేదు. తోటి కాపరిగారు దూరమున కుక్కలను చూస్తున్నట్టు కూర్చున్నారు. చివరకు అమ్మాయే, జూలై వరకు ఒప్పుకొన్నానని, ఆ తరువాత ఇరవై గంటలూ దుకాణములో చేస్తానని, నాన్నకు తానే చెప్తానని, మమ్మల్ని ఆ మాట మోయవద్దని చెప్పింది. సాయంకాలము తన గదికి తీసికొనిపోయి, మరొక పిల్లతో పంచుకొన్న ఆ చిన్న వంటపొయ్యి మీద మాకు చోడి అంబలి కాచి ఇచ్చింది. ఆ ఊరిలో మేము తిన్నవాటిలో మా నోటికి హితవైనది అదొక్కటే.

వచ్చిన తరువాత తండ్రికి ఉన్నది ఉన్నట్టు చెప్పాము. ఆయన, “మిమ్మల్ని పంపినది ఏటికి అయ్యగారూ” అని లేచి వెళ్లిపోయాడు. మూడు ఆదివారములు గుడికి రాలేదు. ఆయనను మేము తప్పు పట్టము, పన్నెండు వేలు ప్రతి నెలా కట్టేది ఆయన. అమ్మాయి చదువు ఆ ఏడాదే ముగిసింది. రెండేండ్ల గ్రాడ్యుయేటు వీసా మీద ఇప్పుడు ఒక వృద్ధుల సంరక్షణ గృహములో జీతానికి పని చేస్తున్నది. హక్కుల సంస్థలలో జీతమున్న ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తులు ఇంకను తిరిగి వస్తున్నాయి. పొలము మీద అసలు ఇంకా తీరలేదు. బుగత మాట చెప్పిన ఆ స్త్రీ సంగతి ఏమైనదో అమ్మాయికి కూడ తెలియనీయరు.

మా బొబ్బిలికి 1879లో ఇద్దరు పరదేశులు వచ్చి మన భాష నేర్చుకొంటూ కాపురమున్నారు. కెనడా బాప్టిస్టు మిషనరీలు జార్జి చర్చిల్ గారు, ఆయన భార్య మెటిల్డా ఫాక్‌నర్ చర్చిల్ గారు. వారు మొదట సయాము దేశములో కరెనుల మధ్య పని చేయుటకని 1873లో బయలుదేరి, అక్కడ వీలు పడక 1875లో తెలుగు దేశమునకు తిరిగినవారు. ఆడపిల్లకు అక్షరము ఎందుకన్న కాలములో ఆమె బొబ్బిలిలో బడి పెట్టింది. ఆమె ఇంటికి వ్రాసిన ఉత్తరములు 1916లో పుస్తకముగా అచ్చయ్యాయి. మన ఊరి స్త్రీలు, పిల్లలు, వారి ఇండ్ల సంగతులు వాటిలో ఉన్నాయి. ఆ ఉత్తరములు లేకపోతే ఆ మనుష్యులు ఉన్నట్టే మనకు తెలియకపోవును, ఆ మేలు మేము మరువము. అయితే లండను నుండి వచ్చిన తరువాత ఆ పుస్తకము తలచుకొన్నప్పుడు, వీరిని గూర్చి ఇలా వ్రాసి పంపామని ఆ ఊరి వారికి ఎవరైనా చదివి వినిపించారా అనిపించింది. ఆమెను అడిగే హక్కు మాకు లేదు. మేము 2011లో చేసినది ఏమిటో మాకు తెలుసు.

జూన్ నెలలో ఒక సాయంకాలము తాత ఇంటికి వెళ్లాము. పుస్తకము, కలము పట్టుకొని వెళ్లాము. తాతా, ఆ నాడు మేము నీ సంగతి తప్పు చెప్పాము, నిన్ను అడుగలేదు, క్షమించుము అన్నాము. ఆయన చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకొని, చాలసేపు వాకిలి వైపు చూచాడు. “పద్నాలుగేళ్లయిపోనాది కదా బాబూ” అన్నాడు. మళ్ళీ, “మా అయ్య సారా తాగీవోడు కాదు. ఆ అప్పు మాయమ్మ జబ్బుకి సేసినాడు. మీరు అందరి ముందరా తాగుబోతన్నారు. నాను ఇంటికొచ్చి అన్నం తిననేదు” అన్నాడు. మేమేమి చెప్పగలము. వ్రాసుకొన్నాము.

తరువాత ఆయన చెప్పినదానిలో వ్రాయవచ్చునన్నంత వరకు ఇక్కడ వ్రాస్తున్నాము. అప్పు కాగితమును ఎవరూ చింపలేదు. వెట్టి రద్దు చట్టము 1976లో వచ్చిందని, పాత అప్పులు చెల్లనవసరము లేదని కరణము ఊరి నడుమ చదివాడు. బుగత విని, అది మన ఊరికి కాదు అన్నాడు. నెల గడిచిన తరువాత ఒక రాత్రి తాత, ఆయన భార్య, చంటిపిల్లతో నడిచి బయలుదేరారు. చెరువు గట్టు దాటేసరికి వెనుక గంట చప్పుడు. తాను తొమ్మిదేండ్లు మేపిన ఎద్దు తాడు తెంపుకొని వెంట వచ్చింది. దానితో వెళ్తే దొంగతనము మోపుతారు. భార్యను తుమ్మచెట్ల వెనుక కూర్చోబెట్టి, ఎద్దును తోలుకొని మళ్ళీ ఆ కొట్టమునకే వెళ్లి కట్టివేసి వచ్చాడు. అప్పటికి కోడి కూసింది. రాయగడ వైపు వెళ్లి నాలుగేండ్లు కూలి చేసి తిరిగి వచ్చారు. వచ్చేసరికి ఎద్దు లేదు.

బుగత పేరు వ్రాయవద్దన్నాడు, ఆయన మనుమలు ఊరిలోనే ఉన్నారు, మంచివారు అన్నాడు. ఆ రాత్రి చెట్ల వెనుక భార్య అన్న మాట ఒకటి మాకు చెప్పి, అదికూడ వద్దన్నాడు. కాబట్టి వ్రాయలేదు. ఈ వ్రాత అచ్చుకు పంపకముందు మళ్ళీ వెళ్లి మొత్తము చదివి వినిపించాము. రెండు చోట్ల దిద్దించాడు. కొడుకును గూర్చి వ్రాసినది కొడుకును అడగమన్నాడు, అడిగాము, ఉండనిమ్మన్నాడు. లండనులో ఉన్న మనుమరాలికి ఫోనులో చదివాము, పేరు లేకపోతే సరే అన్నది.

లేచి వస్తుండగా తాత వెనుకకు పిలిచి, ఎద్దు పేరు రాసుకొన్నారా అని అడిగాడు. వ్రాసుకొన్నాము తాతా, చుక్కోడు అని చదివాము.

“సుక్కోడు బాబూ” అన్నాడు.

కొట్టివేసి సుక్కోడు అని వ్రాశాము.